అడుగులు – ఆటలు – తోడివారు

శిశువు బోర్లపడిననాడు బొబ్బట్లు, తొలి అడుగులు వేసిననాడు అరిసెలు చేసి ఇరుగుపొరుగువారికి పంచిపెట్టుట తెలుగువారి ఇండ్లలో చాలకాలముగా వచ్చుచున్న వేడుక. కండరములలోను, నాడులలోను కలిగిన ఒక చిన్న మార్పునకు వీధివారందరు నోరు తీపి చేసికొందురు. బిడ్డ నడక నలుగురికిని సంబంధించిన సంగతియని ఈ వేడుకయే ఒప్పుకొనుచున్నది. శాస్త్రము మాత్రము ఈ మాటను ఒప్పుకొనుటకు చాలకాలము తీసికొనెను. బిడ్డ దేహము కదలుట నేర్చుకొను విధమును ఒక పుస్తకములోను, బిడ్డ తోడివారితో మెలగుట నేర్చుకొను విధమును వేరొక పుస్తకములోను వ్రాయుచు వచ్చిరి. ఆ రెండు పుస్తకములు ఒకచోట కలియుటకు ముందు కొందరు పసివాండ్రు పడరాని పాట్లు పడిరి.

శిశువుల పెరుగుదలను మొదట వ్రాసిపెట్టినవారు తండ్రులు. జర్మన్ తత్త్వవేత్త డీట్రిచ్ టీడెమన్ తన కుమారుని గురించిన పరిశీలనలను 1787లో ప్రకటించెను. చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన తొలి బిడ్డను గమనించి వ్రాసికొనిన సంగతులను, దాదాపు 37 సంవత్సరములు అట్టేపెట్టి, 1877లో ‘మైండ్’ అను పత్రికకు పంపెను. విల్హెల్మ్ ప్రేయర్ అను శరీరధర్మ శాస్త్రజ్ఞుడు తన కుమారుని మూడేండ్లపాటు దినమునకు మూడుసార్లు పరిశీలించి, 1882లో పెద్ద గ్రంథమునే వెలువరించెను. ఈ దినచర్యలు ఎంతో ఓపికతో వ్రాసినవి. కాని వాటిలో ఒక లోపము కలదు. ఈ బిడ్డలందరు మనుషులున్న ఇండ్లలో పెరిగినవారు. చుట్టును మనుషులు లేనిచో బిడ్డ నడకకు ఏమగునను ప్రశ్న ఆ తండ్రులకు తోచుటకే అవకాశము లేదు. చేపను గూర్చి వ్రాయువాడు నీటిని మరచినట్లు వారు మనుషులను మరచిరి.

బడులు పెట్టినవారి చూపు వేరుగా ఉండెను. ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గ్‌లో చిన్నపిల్లలకై ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి ‘కిండర్‌గార్టెన్’ అని పేరు పెట్టెను. అతడు పిల్లలకిచ్చిన మొదటి ఆటవస్తువు ఉన్నితో అల్లిన మెత్తని బంతి. పిల్లలు చేతులు పట్టుకొని వలయముగా తిరుగుచు ఆడు ఆటలకు అతడు చాల ప్రాధాన్యమిచ్చెను. వలయము విశ్వైక్యమునకు గుర్తు అన్నది అతని నమ్మకము. ఆ కారణము శాస్త్రమునకు అందదు గాని, ఆట మాత్రము మంచిదే. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఈ బడులను నిషేధించెను. ఫ్రోబెల్ బంధువు ఒకడు వ్రాసిన సామ్యవాద భావములను అధికారులు ఇతనికే అంటగట్టిరి. ఆ నిషేధము 1860 వరకు తొలగలేదు. ఫ్రోబెల్ 1852లోనే చనిపోయెను. నాలుగేండ్ల పిల్లలు చేతులు పట్టుకొని తిరిగిన ఒక ప్రభుత్వమునకు భయము కలిగినదన్న సంగతి చరిత్ర విద్యార్థులు గుర్తుంచుకొనదగినది.

రోము నగరములోని సాన్ లొరెంజో పేటలో 1907లో ‘బాలల ఇల్లు’ తెరచిన మరియా మాంటిస్సోరి మరియొక అడుగు ముందుకు వేసెను. నేలమీద గీచిన గీతవెంట తడబడక నడచుట, కుర్చీని చప్పుడు కాకుండ జరుపుట, నిండిన గ్లాసును తొణకకుండ మోయుట ఆమె బడిలో పాఠములు. వీటిని వ్యాయామమని కొందరు, క్రమశిక్షణయని కొందరు అనిరి. నిజమునకు ఇవి ఇరుకు గదిలో పదిమంది నడుమ ఒకరికొకరు అడ్డురాక మెలగుట నేర్పు పాఠములు. ఆమె 1939లో మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధము కారణముగా 1946 వరకు ఇండియాలోనే ఉండి, ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆనాడు ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రములోనివే.

బడులలో ఇట్లుండగా ప్రయోగశాలలలో వేరొక అభిప్రాయము బలపడుచుండెను. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఆర్నాల్డ్ గెసెల్ శిశువుల కదలికలను చలనచిత్రములుగా తీసి, ఏ వయస్సున ఏ పని చేయుదురో పట్టికలు తయారుచేసెను. హెలెన్ థామ్సన్‌తో కలిసి అతడు చేసి 1929లో ప్రకటించిన ప్రయోగము ప్రసిద్ధమైనది. సమరూప కవలలలో ఒక బిడ్డకు 46 వారముల వయస్సునుండి ఆరు వారములపాటు మెట్లెక్కుట నేర్పిరి. రెండవ బిడ్డకు ఏమియు నేర్పలేదు. అయినను ఆ రెండవ బిడ్డ 53 వారముల వయస్సున మెట్లవద్ద విడువగానే తనంతట తాను ఎక్కెను. ఆపైన రెండు వారములు నేర్పగానే మొదటి బిడ్డతో సమానమయ్యెను. కావున నాడీమండలము పక్వము కావలెను గాని, నేర్పుటవలన వచ్చునది తక్కువయని గెసెల్ తేల్చెను. మామిడికాయ చెట్టుమీద పండినట్లు నడక శిశువులో పండును, తొందరపెట్టి లాభములేదు. ఈ సిద్ధాంతములో తల్లులకు ఊరట కలదు. అందుచేతనే అది అంతగా వ్యాపించెను.

న్యూయార్క్‌లో మర్టిల్ మెగ్రా 1932లో జానీ, జిమ్మీ అను మరి ఇద్దరు కవలలను తీసికొని గెసెల్ మాటను పరీక్షించెను. జానీకి శిక్షణ నిచ్చిరి. జిమ్మీని తొట్టిలో విడిచిరి. పదహారు నెలలైనను నిండకముందే జానీ చక్రముల జోళ్లు తొడిగికొని జారుచు తిరిగెను. పత్రికలవారికి ఇంతకంటె ఏమి కావలెను? మెగ్రా తేల్చినది మాత్రము పత్రికలు వ్రాసినంత సులభమైనది కాదు. నడక వంటి పనులలో శిక్షణ వలన పెద్ద తేడా లేదు. ఈత, ఎత్తు ఎక్కుట వంటివాటిలో చాల తేడా కలదు. కొన్నాళ్లకు కాళ్లు పొడవై దేహము తీరు మారగా, జానీ చక్రముల జోళ్ల నేర్పు పోయినది కూడ. ఇద్దరును సమరూప కవలలు కారని పిమ్మట తేలినందున ఈ ప్రయోగపు విలువ కొంత తగ్గినది. అయినను, ఎత్తైన చోటికి చేరినప్పుడు జానీ కనబరచిన ధైర్యము, జిమ్మీ కనబరచిన జంకు చూచినవారు కదలిక స్వభావమును కూడ మార్చునా అని ఆలోచింపసాగిరి.

అదే కాలమున మినెసోటా విశ్వవిద్యాలయపు శిశు సంక్షేమ సంస్థలో రెండు ముఖ్యమైన పరిశోధనలు జరిగెను. మేరీ షర్లీ 25 మంది శిశువులను రెండేండ్లపాటు గమనించి మూడు సంపుటములు వ్రాసెను. మొదటిది దేహపు నిలకడ, నడకలను గూర్చి. రెండవది బుద్ధిని గూర్చి. మూడవది వ్యక్తిత్వమును గూర్చి. మిల్డ్రెడ్ పార్టెన్ అదే సంస్థకు చెందిన శిశుపాఠశాలలో రెండేండ్లు మొదలు ఐదేండ్లలోపు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకొను వేళ ఒక్కొక్కరిని నిమిషము చొప్పున చూచి గుర్తు పెట్టుకొనెను. ఆమె 1932లో ప్రకటించిన వ్యాసములో ఆరు విధములు కలవు. ఏ పనియు లేక ఉండుట, దూరమునుండి చూచుట, ఒంటరిగా ఆడుట, ప్రక్కప్రక్కన కూర్చుండి ఎవరి ఆట వారు ఆడుట, ఒకరితో ఒకరు మాటలు వస్తువులు పంచుకొని ఆడుట, పని పంచుకొని ఒకే లక్ష్యముతో ఆడుట. వయస్సు పెరిగినకొలది పిల్లలు మొదటి విధములనుండి కడపటి విధములవైపు జరుగుదురని ఆమె చూపెను. ఈ విభజన నేటికిని ఉపాధ్యాయ శిక్షణ గ్రంథములలో కనిపించును. ప్రక్కప్రక్కన ఆడుట వెనుకబాటు కాదనియు, కలిసి ఆడుటకు పిల్లలు దానిని వంతెనగా వాడుకొందురనియు 1980లో వెలువడిన ఒక పరిశోధన చూపినది.

ఒకే సంస్థలో ఒకరు అడుగులు లెక్కించిరి, మరియొకరు ఆటలు లెక్కించిరి. మూడేండ్లకు మూడుచక్రముల బండి త్రొక్కుట, నాలుగేండ్లకు ఒంటికాలిపై గెంతుట, ఐదేండ్లకు ఎగురుచు సాగుట – ఇవి గెసెల్ పట్టికల వంటివాటిలో కనిపించు సంగతులు. పిల్లలు ఒంటరి ఆటనుండి కలివిడి ఆటకు వచ్చునది కూడ సరిగా ఆ ఏండ్లలోనే. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారు అప్పట్లో అరుదు.

ఈ ప్రశ్నను తప్పించుకొనలేనంతగా ముందుకు తెచ్చినవాడు వేన్ డెన్నిస్. ఇతడు మొదట గెసెల్ మార్గమునే నడచినవాడు. అమెరికాలోని హోపీ అను ఆదివాసుల శిశువులను పుట్టిన కొద్దికాలమునుండి నెలల తరబడి పలకకు గుడ్డతో చుట్టి కట్టుదురు. ఆ ఆచారము పాటించిన కుటుంబముల బిడ్డలను, మానివేసిన కుటుంబముల బిడ్డలను డెన్నిస్ తన భార్యతో కలిసి పోల్చెను. ఇరువురును సగటున సుమారు 15 నెలలకే నడచిరి. ఈ ఫలితము 1940లో వెలువడెను. కాళ్లు కట్టినను నడక ఆగలేదు. కావున అభ్యాసముతో పనిలేదని అతని కప్పుడు తోచెను.

మరుసటి సంవత్సరము అతడు ప్రకటించిన పరిశోధనను నేడు ఏ విశ్వవిద్యాలయమును అనుమతించదు. తల్లి పోషించుకొనలేని ఇద్దరు ఆడ కవలలను దంపతులు తమ ఇంటికి తెచ్చి, సుమారు నెల వయస్సునుండి పదునాలుగు నెలలవరకు పెంచిరి. మొదటి ఆరు నెలలు వారితో మాటలాడలేదు, నవ్వు ముఖము చూపలేదు, ఆటవస్తువులు ఇయ్యలేదు, తొట్టిలో వెల్లకిల పడుకొనబెట్టి ఉంచిరి. తొలి నెలలలో రావలసిన పనులు చాలవరకు వాటంతట అవి వచ్చెను. కూర్చుండుట, నిలుచుండుట మాత్రము ఆలస్యమయ్యెను. డెన్నిస్ మొదటిదానిని గట్టిగా చెప్పి, రెండవదానిని అంత గట్టిగా చెప్పలేదు.

అతని మనస్సు మార్చినది టెహరాన్ నగరములోని మూడు అనాథ శరణాలయములు. ఆ పరిశీలన 1960లో వెలువడెను. మొదటి శరణాలయములో ఎనిమిదిమంది శిశువులకు ఒక్క ఆయా. శిశువులను తొట్లలో వెల్లకిల పడుకొనబెట్టుదురు. పాలసీసాను దిండుకు ఆనించి నోటికి అందింతురు. ఎవరును బోర్ల పడుకొనబెట్టరు, కూర్చుండబెట్టరు, ఆటవస్తువులు లేవు. ఒక ఏడు నిండి రెండవ ఏట ఉన్న బిడ్డలలో నూటికి 42 మంది మాత్రమే ఆధారము లేక కూర్చుండగలిగిరి. ఆ తరువాతి ఏట నూటికి 8 మంది మాత్రమే నడచిరి. రెండవ శరణాలయమునకు మూడేండ్లు దాటినవారిని పంపుదురు. అచ్చట నాలుగవ ఏట ఉన్నవారిలో నడువగలిగినవారు నూటికి 15 మంది. మన ఊళ్లలో ఆ వయస్సు పిల్లలు వీధిచివరి దుకాణమునకు పరుగెత్తి పోయి వచ్చుదురు.

మూడవ శరణాలయము క్రొత్తది. మొదటి శరణాలయములో మరీ వెనుకబడిన శిశువులను ఏరి అచ్చటికి పంపిరని డెన్నిస్ తెలిపెను. అనగా అచ్చటి ఫలితములు అన్నిటికంటె తక్కువగా ఉండవలెను. కాని అచ్చట ముగ్గురు నలుగురు శిశువులకు ఒక ఆయా. పాలు పట్టునపుడు ఒడిలోనికి తీసికొందురు. అప్పుడప్పుడు బోర్ల పడుకొనబెట్టుదురు. దిండ్ల ఆసరాతో కూర్చుండబెట్టుదురు. దినమునకు కొంతసేపు నేలమీద ఆడనిత్తురు. మూడవ ఏట ఉన్న బిడ్డలలో నూటికి 94 మంది నడచిరి. నగరము అదే, బిడ్డలు అటువంటివారే. ఒకచోట 8, మరియొకచోట 94.

ఇంకొక చిన్న సంగతి డెన్నిస్‌ను కలవరపెట్టెను. మొదటి రెండు శరణాలయములలోని బిడ్డలు పలువురు మోకాళ్లపై ప్రాకలేదు. కూర్చుండియే పిరుదులపై జరుగుచు ముందుకు పోయిరి. వారిని ఎన్నడును బోర్ల పడుకొనబెట్టలేదు గనుక ప్రాకుటకు కావలసిన భంగిమయే వారికి తెలియదు. నడక పండువలె పండునదైతే ప్రతి బిడ్డలోను ఒకే వరుసలో పండవలెను గదా? పక్వత మాత్రమే కారణమను సిద్ధాంతము నిలువదని డెన్నిస్ స్పష్టముగా వ్రాసెను. ఇరువది ఏండ్ల క్రిందటి తన అభిప్రాయమునకే ఇది విరుద్ధమైనను వ్రాసెను.

హోపీ పలకను, టెహరాన్ తొట్టిని ప్రక్కప్రక్కన పెట్టినచో అసలు తేడా తెలియును. హోపీ బిడ్డ కాళ్లు కట్టుబడి ఉండెను. కాని ఆ బిడ్డ ఇంటివారి నడుమ ఉండెను. కట్లు విప్పినప్పుడెల్ల ఎత్తుకొనువారు, కూర్చుండబెట్టువారు ఉండిరి. టెహరాన్ బిడ్డ కాళ్లకు ఏ కట్టును లేదు. దగ్గర మనిషి లేడు. తల్లి ప్రేమ లేనందున దేహము కుంగినదను మాటను డెన్నిస్ ఒప్పుకొనలేదు. ఎత్తుట, కూర్చుండబెట్టుట, బోర్ల పడుకొనబెట్టుట వంటి నిర్దిష్టమైన అవకాశములే కారణములని అతని వాదము. ఆ జాగ్రత్త మెచ్చదగినదే. అయితే ఆ అవకాశములన్నియు మరియొకరి చేతులనుండియే రావలెను గదా!

ఇట్టి చేతులు ఎట్లుండవలెనో బుడాపెస్టులో వైద్యురాలు ఎమ్మీ పిక్లర్ ఆచరణలో చూపెను. యుద్ధానంతరము 1946లో ఆమె లోట్సీ వీధిలో నెలకొల్పిన శిశుగృహములో బిడ్డలను తొందరపెట్టి కూర్చుండబెట్టలేదు, నడిపించలేదు; నేలమీద స్వేచ్ఛగా కదలనిచ్చిరి. కాని పాలు పట్టునపుడు, స్నానము చేయించునపుడు ఆయా పూర్తి శ్రద్ధతో, మాటలాడుచు, ఆ బిడ్డకే సమయమియ్యవలెనని నియమము. ఆ బిడ్డలు నడచిరి, ఆడిరి.

మనుషులు లేనిదే కదలిక రాదని ఇట్లు తెలిసెను. కదలిక లేనిదే మనుషులు దగ్గరకారా అను ఎదురు ప్రశ్నకు సమాధానము తరువాతి తరమువారు వెదకిరి. ఎలినార్ గిబ్సన్, రిచర్డ్ వాక్ గాజు పలక క్రింద లోతు కనబడునట్లు ఒక బల్లను తయారుచేసిరి; ప్రాకు శిశువులు చాలమంది లోతువైపునకు పోవ నిరాకరించిరి. అదే బల్లను 1985లో జేమ్స్ సోర్స్ బృందము మరియొక విధముగా వాడెను. లోతును సుమారు 30 సెంటీమీటర్లకు తగ్గించి, బిడ్డకు సందేహము కలుగునట్లు చేసిరి. ఆవలి ఒడ్డున తల్లి నిలుచుండును. తల్లి ముఖములో సంతోషము కనబడినప్పుడు 19 మంది ఏడాది బిడ్డలలో 14 మంది దాటిరి. తల్లి భయము కనబరచినప్పుడు 17 మందిలో ఒక్కరును దాటలేదు. తరువాతి అడుగు వేయవచ్చునో లేదో బిడ్డ తల్లి ముఖములో చదువుకొనుచున్నది.

నడక వచ్చిన పిమ్మట ఈ బేరము ఇంకను పెరుగును. నడక క్రొత్తగా నేర్చిన బిడ్డలు గంటకు సగటున 2,368 అడుగులు వేసి 17 సార్లు పడుదురని కారెన్ అడాల్ఫ్ బృందము 2012లో లెక్కగట్టెను. ఆ అడుగులు ఎందులకు? లానా కారసిక్ మొదలగువారు 2011లో గమనించినదేమనగా, ప్రాకు బిడ్డ తన చేతిలోని వస్తువును కూర్చున్నచోటినుండియే తల్లికి చూపును. నడచు బిడ్డ దానిని మోసికొని తల్లియొద్దకు వచ్చును. అప్పుడు తల్లి మాటలును మారును. ‘బాగున్నది’ అనుట పోయి, ‘తెరువు’, ‘చదువుదము’ అని పనితో కూడిన మాటలు వచ్చును. నడకతో బిడ్డకు చేతులు రెండును ఖాళీ అగును. ఆ చేతులు ఇచ్చిపుచ్చుకొనుటకు పనికివచ్చును.

బడిఈడునకు ముందున్న మూడు, నాలుగు, ఐదేండ్ల పిల్లలలో తల్లి స్థానమునకు తోడిపిల్లలు వత్తురు. తోడిపిల్లలు తల్లివలె ఆగి ఎదురుచూడరు. బంతి వచ్చిన క్షణముననే పట్టవలెను. పట్టలేనివాడు మరుసటిసారి జట్టులో ఉండడు. యాయిర్ బార్-హైమ్, ఒరిత్ బార్ట్ 2006లో ఇజ్రాయెల్ శిశుపాఠశాలల పిల్లలను పరిశీలించిరి. దేహపు కదలికలలో నేర్పు తక్కువైన పిల్లలు తోడివారితో ఆడుట తక్కువ, జంకుచు చూచుచు నిలుచుండుట ఎక్కువయని వారికి తెలిసెను. మేరీ స్మిత్, హెదర్ ఆండర్సన్ 2000లో బ్రిటన్‌లో కొంచెము పెద్దపిల్లలలోను ఇదే కనుగొనిరి. తెలివితేటలకు లోపము లేకయే కదలికల పొందిక కుదరని పిల్లలు నూటికి ఐదారుగురు ఉందురని వైద్యుల అంచనా. అట్టివారు చొక్కా గుండీ పెట్టుకొనుటకు, మెట్లు దిగుటకు కూడ కష్టపడుదురు. ఆడనందున అభ్యాసము తగ్గును. అభ్యాసము తగ్గినందున నేర్పు పెరగదు. నేర్పు లేనందున మరల ఆటకు పిలువరు. అయితే దూరముగా నిలిచిన ప్రతి బిడ్డకును కాళ్లలోనే కారణమున్నదనుట తొందరపాటు. స్వభావముచేతనే మెల్లగా కలియు పిల్లలు ఎందరో కలరు. బెరుకు మూలమున ఆట తగ్గి, అందువలన నేర్పు తగ్గుటయు కలదు.

ఇచ్చట మన వీధిపిల్లలు కనిపెట్టిన ఒక ఉపాయమును చెప్పవలెను. ఒంటికాలిపై గెంతలేని చిన్నవానిని తొక్కుడుబిళ్లలో చేర్చుకొనవలసివచ్చినపుడు వాడు ‘ఆటలో అరటిపండు’. వాడు గీత త్రొక్కినను అవుట్ కాడు. దొంగ కావలసిన పని లేదు. కాని అందరితో పాటు వాని వంతు వానికి వచ్చును. ఆటకు వెలుపల కాదు, పూర్తిగా లోపల కాదు. పార్టెన్ చెప్పిన ఆరు విధములలో దీనికి చోటు లేదు. నేర్పు వచ్చువరకు బిడ్డను గుంపులో నిలుపు ఈ పద్ధతి, పైన చెప్పిన చక్రమును సరిగా మధ్యలో తెంపుచున్నది.

వలయముగా తిరుగు ఆటలకును ఈ నడుమ క్రొత్తగా ప్రయోగశాలలలో గౌరవము కలిగినది. సెబాస్టియన్ కిర్ష్నర్, మైకేల్ టొమసెల్లో 2010లో లైప్‌జిగ్‌లో నాలుగేండ్ల పిల్లలను 96 మందిని జంటలుగా చేసి, కొందరిచేత పాడుచు లయకు అనుగుణముగా కలిసి అడుగులు వేయించిరి; కొందరిచేత అదే ఆటను పాట, లయ లేకుండ ఆడించిరి. తరువాత ఒకరి చేతిలోని వస్తువులు పడిపోవునట్లు చేయగా, కలిసి పాడి అడుగు వేసిన జంటలు ఒకరికొకరు ఎక్కువగా సాయపడిరి. తాల్-చెన్ రబినోవిచ్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్ 2017లో అమెరికాలో పాట కూడ తీసివేసిరి. నాలుగేండ్ల పిల్లలను రెండు ఉయ్యాలలలో కూర్చుండబెట్టి, కొన్ని జంటలను ఒకే వేగముతో, కొన్ని జంటలను వేర్వేరు వేగములతో ఊపిరి. పిమ్మట ఇద్దరును ఒకే క్షణమున నొక్కవలసిన మీట ఒకటి ఇచ్చిరి. కలిసి ఊగినవారు ఆ పనిలో త్వరగా కుదురుకొనిరి.

మన ఒప్పులకుప్పలో ఉయ్యాలయు లేదు, యంత్రమును లేదు. ఇద్దరు పిల్లలు కాలి వేళ్లు దగ్గరగా చేర్చి, చేతులు పెనవేసి పట్టుకొని, వెనుకకు వాలి గిరగిర తిరుగుదురు. ఒకరి బరువును మరియొకరి బరువు నిలుపును. ఒకరి వేగము రెండవవారికి పాదములనుండియు, అరచేతులనుండియు ఎప్పటికప్పుడు తెలియుచుండును. నాలుగైదేండ్ల ఆడపిల్లలు దానిని రెండు మూడు దినములలో నేర్చుకొందురు. మొదటి దినమున ఇద్దరును దుమ్ములో పడుదురు.